స్క్రమ్ మాస్టర్ తర్వాత ఏమిటి? రాసిపెట్టని మెట్ల గురించి

(ఎస్సీ, ఎస్టీ, బీసీ విద్యార్థుల అధ్యయన బృందం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశానికి పిలిచిన మిత్రులు నన్ను ఒక ప్రశ్నకు జవాబు చెప్పమన్నారు. "స్క్రమ్ మాస్టర్‌గా చేరితే ఆ తర్వాత ఎక్కడిదాకా వెళ్లగలం?" అని. ఐటీ కంపెనీల్లో పదోన్నతులు ఎలా జరుగుతాయన్నదే నా పరిశోధన కాబట్టి ఇది నాకు చిన్న ప్రశ్నగా అనిపించలేదు. కోడింగ్ రాకపోయినా ఐటీలో ఉద్యోగం వస్తుందనే మాట అమీర్‌పేట వెళ్లిన ప్రతి విద్యార్థీ వినే ఉంటారు. మన హాస్టళ్లలో చదివి, ఇంట్లో మొదటి డిగ్రీ తెచ్చుకున్నవాళ్లకు ఆ మాట పెద్ద ఆశ. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ ఉద్యోగంలోకి తలుపు కొంత సులువుగానే తెరుచుకుంటుంది. లోపల పైకి వెళ్లే మెట్లు మాత్రం ఎక్కడా రాసి ఉండవు. రాసి లేని చోట పరిచయాలు నిర్ణయిస్తాయి. పరిచయాలు మన దేశంలో ఏ గీతల మధ్య పెరుగుతాయో మీకు చెప్పనక్కరలేదు.

ముందు ఆ పని ఏమిటో చూద్దాం. స్క్రమ్ పద్ధతిని జెఫ్ సదర్లాండ్, కెన్ ష్వేబర్ 1995లో అమెరికాలో ఒక సదస్సులో వివరించారు. పది మందికి మించని చిన్న బృందం, నెలకు మించని గడువు పెట్టుకుని పని చేస్తుంది. ఆ గడువునే స్ప్రింట్ అంటారు. ఏది ముందు తయారు కావాలో ప్రొడక్ట్ ఓనర్ తేలుస్తారు. ఎలా తయారు చేయాలో డెవలపర్లు తేలుస్తారు. పద్ధతి సరిగ్గా నడిచేలా చూడటం, అడ్డంకులు తొలగేలా చూడటం స్క్రమ్ మాస్టర్ బాధ్యత. ఈ హోదా వల్ల ఎవరి జీతం, సెలవు, రేటింగ్, బడ్జెట్ మీదా అధికారం రాదు. స్క్రమ్ గైడ్ చదివితే అందులో "తర్వాతి పదవి" అన్నదే కనిపించదు. అది పని పద్ధతిని చెప్పే పత్రం, సర్వీస్ రూల్స్ పుస్తకం కాదు.

అదే 1995లో మన దేశంలో 77వ రాజ్యాంగ సవరణ వచ్చింది. దాని ద్వారా 16(4ఎ) చేరి, ప్రభుత్వ ఉద్యోగాల్లో ఎస్సీ, ఎస్టీలకు పదోన్నతుల్లో రిజర్వేషన్‌కు వీలు కలిగింది. 2006లో నాగరాజ్ తీర్పు, 2018లో జర్నైల్ సింగ్ తీర్పు దాని చుట్టూ షరతుల గురించే. ఎన్ని చిక్కులున్నా అక్కడ సీనియారిటీ జాబితా ఉంటుంది, రోస్టర్ ఉంటుంది, సమాచార హక్కు కింద అడిగే వీలుంటుంది. ప్రైవేటు ఐటీలో ఈ మూడూ లేవు. అందుకే అక్కడ పదోన్నతి గురించి మనమే ముందుగా తెలుసుకుని వెళ్లాలి.

ఇప్పుడు దారులు చెబుతాను. ప్రధానంగా నాలుగు.

మొదటిది అదే పనిలో పైకి వెళ్లడం. ఒక బృందం నుంచి రెండు మూడు బృందాలకు, తర్వాత సీనియర్ స్క్రమ్ మాస్టర్, ఎజైల్ కోచ్. సేఫ్ పద్ధతి పాటించే పెద్ద సంస్థల్లో రిలీజ్ ట్రెయిన్ ఇంజినీర్ అనే హోదా ఉంది. 50 నుంచి 125 మంది దాకా ఉండే బృందాల సమూహాన్ని నడిపించే పని అది. వినడానికి బాగుంటుంది కానీ ఈ దారి పైకి వెళ్లేకొద్దీ ఇరుకవుతుంది. పది బృందాలకు పది మంది స్క్రమ్ మాస్టర్లు ఉంటే కోచ్ ఒకరో ఇద్దరో ఉంటారు. ఖర్చు తగ్గించుకోవాలన్నప్పుడు కంపెనీ కన్ను ముందు పడేది కూడా ఈ హోదాల మీదే. 2023 జనవరిలో అమెరికాలో క్యాపిటల్ వన్ సంస్థ తన ఎజైల్ విభాగంలో 1,100కు పైగా ఉద్యోగాలు తీసేసి, ఆ పనిని ఇంజినీర్లకూ ప్రొడక్ట్ మేనేజర్లకూ అప్పగించింది.

రెండోది ప్రొడక్ట్ వైపు. ప్రొడక్ట్ ఓనర్, ఆపైన ప్రొడక్ట్ మేనేజర్. దీనికి బ్యాంకింగో, బీమానో, వైద్యమో, ఏదో ఒక రంగం లోతుగా తెలిసి ఉండాలి. వాడేవాళ్లతో మాట్లాడి, ఏది ముందు, ఏది తర్వాత అని చెప్పగలగాలి. నిర్ణయం చేతికొచ్చే దారి ఇది.

మూడోది డెలివరీ వైపు. ప్రాజెక్ట్ మేనేజర్, ప్రోగ్రామ్ మేనేజర్, డెలివరీ మేనేజర్. బడ్జెట్, మనుషులు, క్లయింట్ ఒప్పందం ఇక్కడ ఉంటాయి. మన సర్వీసు కంపెనీలు మనిషికి ఇంత, గంటకు ఇంత అని క్లయింట్‌కు బిల్లు వేసే చోట ఈ హోదాకు బలం ఎక్కువ.

నాలుగోది ఇంజినీరింగ్ మేనేజర్ వైపు. ఇది కోడ్‌తో సంబంధం తెంచుకోనివాళ్లకే తెరిచి ఉంటుంది. రెండేళ్లు మీటింగులు నడిపాక వెనక్కి రావడం కష్టం.

ఈ నాలుగింటిలో దేనికైనా ఎంపిక ఎలా జరుగుతుంది? కోచ్‌కి "ప్రెజెన్స్" ఉండాలంటారు. మేనేజర్‌కి "కల్చర్ ఫిట్" ఉండాలంటారు. ఇవి కొలిచే విషయాలు కావు. 2007లో సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ ఒక అధ్యయనం ప్రచురించారు. సమానమైన అర్హతలున్న దరఖాస్తులను వేర్వేరు ఇంటిపేర్లతో ప్రైవేటు కంపెనీలకు పంపితే, దళిత ఇంటిపేరు ఉన్నవాటికి పిలుపులు తక్కువ వచ్చాయి. అదే ఏడాది సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ హెచ్‌ఆర్ మేనేజర్లతో మాట్లాడారు. ప్రతిభ తప్ప ఇంకేదీ చూడమన్నవాళ్లే కుటుంబ నేపథ్యం చూస్తామని కూడా చెప్పారు. ఈ రెండూ ఉద్యోగంలో చేరే గుమ్మం దగ్గరి సంగతులు. గుమ్మం దాటాక పదేళ్లలో ఏం జరుగుతుందో కూడా ఇంత శ్రద్ధగా పరిశోధించాలని ఇక్కడున్న అధ్యాపకులను కోరుతున్నాను.

ఇంకో మాట. స్క్రమ్ మాస్టర్‌ని చాలాకాలం "సర్వెంట్ లీడర్" అన్నారు. రాబర్ట్ గ్రీన్‌లీఫ్ 1970లో రాసిన వ్యాసం నుంచి వచ్చిన ఆలోచన అది. 2020 స్క్రమ్ గైడ్‌లో ఆ పదం తీసేసి, సేవచేసే నిజమైన నాయకులు అనే అర్థంలో మార్చారు. అధికారం చేతిలో ఉన్నవాడు సేవ చేస్తానంటే దాన్ని వినయమని మెచ్చుకుంటారు. తరతరాలుగా సేవ చేయడమే నీ పని అని చెప్పించుకున్న కులాల పిల్లలు అదే కుర్చీలో కూర్చుంటే ఏమవుతుంది? నేను మాట్లాడిన ఒక అక్క, బాగా చదువుకున్న మనిషి, తన పని చివరికి మీటింగ్ రూమ్ బుక్ చేయడం, మినిట్స్ రాయడం, జిరాలో తేదీలు మార్చడం దగ్గర ఆగిపోయిందని చెప్పారు. బృందం గెలిస్తే పేరు బృందానికి, ఆలస్యమైతే ప్రశ్న ఆమెకు. అంబేద్కర్ 1936లో "కుల నిర్మూలన"లో కులం పనిని మాత్రమే విభజించదని, పనిచేసేవాళ్లను మెట్లుమెట్లుగా విడదీస్తుందని చూపించారు. గాజు గోడల ఆఫీసులో ఆ నిచ్చెనమెట్లు లేవనుకుంటే మనం మోసపోతాం.

అయితే ఏం చేయాలి?

మొదటి ఉద్యోగంగా దీన్ని ఎంచుకోకండి. రెండు మూడేళ్లు డెవలప్‌మెంట్, టెస్టింగ్, బిజినెస్ అనాలిసిస్‌లో ఏదో ఒకటి చేసి రండి. వెనక్కి వెళ్లడానికి చేతిలో ఒక పని ఉంటుంది.

సర్టిఫికెట్ కోసం అప్పు చేయకండి. స్క్రమ్ గైడ్ ఉచితం, పదిహేను పేజీలు కూడా ఉండదు. స్క్రమ్ అలయన్స్ వారి సీఎస్‌ఎమ్‌కు కోర్సు తప్పనిసరి, రెండేళ్లకోసారి డబ్బు కట్టి పునరుద్ధరించుకోవాలి. స్క్రమ్.ఆర్గ్ వారి పీఎస్‌ఎమ్ 1కు కోర్సు తప్పనిసరి కాదు. 60 నిమిషాల్లో 80 ప్రశ్నలు, 85 శాతం రావాలి, పునరుద్ధరణ లేదు. సొంతంగా చదువుకుని రాయొచ్చు. ఏ సర్టిఫికెట్ అయినా ఇంటర్వ్యూ దాకా తీసుకెళ్తుంది, పదోన్నతి దాకా తీసుకెళ్లదు.

చేరిన మొదటి ఏడాదిలోనే ఈ నాలుగు దారుల్లో ఒకటి ఎంచుకోండి. ప్రొడక్ట్ అయితే బ్యాక్‌లాగ్ పనిలో వాటా అడగండి. డెలివరీ అయితే అంచనాలు, ఖర్చుల లెక్కలు చూపించమని అడగండి. ఇంజినీరింగ్ అయితే కోడ్ రివ్యూల్లో కూర్చోండి.

నెలనెలా మీ పనిని రాసి పెట్టుకోండి. ఏ అడ్డంకి వచ్చింది, ఎవరితో మాట్లాడి తీయించారు, దానివల్ల ఎన్ని రోజులు కలిసొచ్చాయి. రేటింగ్ మాటల్లో ఈ కాగితమే మీ తరఫున మాట్లాడుతుంది. "పై హోదాకు ఏమేం కావాలి?" అని మేనేజర్‌ని ఈమెయిల్‌లో అడగండి. జవాబు వచ్చినా రాకపోయినా అది ఒక రికార్డు.

సీనియర్లకు నా విన్నపం. ఆధిపత్య కులాల పిల్లలకు పెదనాన్న, బావగారు, వాళ్ల స్నేహితుడు చేసే పనిని మన కోసం మనమే చేసుకోవాలి. ఒక రెఫరల్, ఒక మాక్ ఇంటర్వ్యూ, జీతం ఎంత అడగాలో చెప్పే ఒక ఫోన్ కాల్ చాలు.

అయినా ఇదంతా వ్యక్తులు ఒంటరిగా ఈదే దారి. అందరికీ సరిపోదు. పదోన్నతి ప్రమాణాలు రాతపూర్వకంగా ప్రకటించాలని, ఏ హోదాలో ఏ సామాజిక వర్గం వాళ్లు ఎంతమంది ఉన్నారో కంపెనీలు బయటపెట్టాలని, ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ రావాలని మనం కలిసి అడగాలి. ఈ డిమాండ్ క్యాంపస్‌లో మొదలైతే, ఆఫీసులో ఒంటరిగా కూర్చున్న ఆ అక్కకు అది బలం అవుతుంది.

జై భీమ్.