చూరులో గ్లాసు దించుదాం

(మార్చి 24 క్షయ దినం నాడు ప్రకాశం జిల్లాలోని ఒక పేటలో, చర్చి ముందర జరిగిన సభలో ఆ సంఘకాపరి చేసిన ప్రసంగం)

  

టీబీ జబ్బు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మేము డాక్టర్లం కాదు, పాస్టర్లం. పుట్టినా, చచ్చినా ఈ పేటలో మమ్మల్నే పిలుస్తారు. అందుకని ముందు జబ్బు గురించి కాదు, ఒక గ్లాసు గురించి చెబుతాం.

పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఊళ్ళో టీ హోటల్లో మనకి వేరే గ్లాసు. చూరులో దోపి ఉండేది. మనమే తీసుకోవాలి, దూరంగా నిలబడి పోయించుకోవాలి, మనమే కడిగి మళ్ళీ చూరులో పెట్టాలి. అంటరానితనం నేరమని 1955లోనే చట్టం వచ్చింది. చట్టం వచ్చినా ఎన్నో ఊళ్ళల్లో గ్లాసు మాత్రం దిగలేదు. దాన్ని దించడానికి మనవాళ్ళు ఎదురు తిరిగారు, దెబ్బలు తిన్నారు, పనుల్లోంచి వెలి అయ్యారు.

మరి ఆ గ్లాసు ఇప్పుడెక్కడుంది? మన ఇళ్ళల్లో ఉంది. దగ్గేవాడికి గ్లాసు వేరు, కంచం వేరు, మంచం వసారాలో ఓ మూల. పిల్లలు అటు పోతే కేకలేస్తాం. ఊరు మనల్ని పెట్టినట్టే మనం మనవాణ్ణి పెడుతున్నాం. పేటలోనే ఇంకో వెలివాడ కడుతున్నాం.

ఇది ఇంకొకరి మీద చెప్పడం లేదు, మా మీద మేము చెప్పుకుంటున్నాం. మా సంఘంలో ఒకతను ఉండేవాడు. పేరు చెప్పం. రాళ్ళు కొట్టే పనికి పోయేవాడు. టీబీ అని తేలింది, మాత్రలు మొదలుపెట్టాడు. రెండు నెలలకి దగ్గు తగ్గింది, అన్నం సయించింది. ఓ ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం చెప్పాడు. దేవుడు నన్ను పూర్తిగా బాగుచేశాడు, ఇక మాత్రలతో పనిలేదు అన్నాడు. సంఘమంతా చప్పట్లు కొట్టింది. మొదట కొట్టింది మేమే. ఇంకా నాలుగు నెలల మాత్రలు మింగాలి గదా నాయనా అని మా నోటంట ఒక్క మాట రాలేదు. ఎందుకు రాలేదు? మా ప్రార్థనకి పేరొచ్చింది గనక.

కొన్ని నెలలకి జబ్బు తిరగబెట్టింది. ఈసారి మామూలు మాత్రలకి లొంగలేదు. మరుసటేడు వానల్లో అతన్ని సమాధి చేశాం. అతని భార్య మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "అయ్యగారూ, ఆయన గ్లాసు ఇంకా చూరులోనే ఉంది, ఏం చెయ్యమంటారు?" అని అడిగింది. మాకు జవాబు రాలేదు. ఇవాళ చెప్పేది ఆమెకి బాకీపడ్డ జవాబే.

సువార్తలో కుష్ఠరోగి కథ మీకందరికీ తెలుసు. ఊరి బయట ఉండేవాడు, ఎవరూ ముట్టుకోకూడదు. ప్రభువు మాటతో బాగుచెయ్యగలడు, అయినా చెయ్యి చాపి ముట్టుకున్నాడు. ఆ తర్వాత ఏం చేశాడు? వెళ్ళి యాజకుడికి ఒళ్ళు చూపించుకోమన్నాడు. ఆ కాలంలో ఆ జబ్బు ఉందో లేదో చూసి తేల్చేది యాజకుడే. అంటే స్వస్థత ఇచ్చినవాడే పరీక్షకి పంపాడు. పాస్టర్లం మేము ముట్టుకునే భాగం చదివాం, పరీక్షకి పంపిన భాగం వదిలేశాం. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ ఆసుపత్రి కట్టింది ప్రార్థన చేసే మిషన్లవాళ్ళే. వాళ్ళు మోకాళ్ళూ వంచారు, మందులూ ఇచ్చారు.

ఇక జబ్బు సంగతి. టీబీ గాలిలోంచి వస్తుంది. జబ్బు మనిషి దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు పురుగులు గాలిలోకి వస్తాయి. గ్లాసుతో రాదు, కంచంతో రాదు, చెయ్యి కలిపితే రాదు. ఇది పాపానికి శిక్షా కాదు, చేతబడీ కాదు. తలుపులు, కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వాలి. దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోవాలి. 1956లో మద్రాసులో పెట్టిన టీబీ కేంద్రం ఒక సంగతి తేల్చింది. సరిగ్గా మందులు వాడితే రోగి ఇంట్లోనే ఉన్నా బాగవుతాడు, అతను ఇంట్లో ఉన్నందువల్ల ఇంటివాళ్ళకి అదనంగా ముప్పు లేదు. ఇన్నేళ్ళ క్రితం తేలిన మాట మన పేటకి ఇంకా చేరలేదు.

రెండు వారాలు దాటి దగ్గు ఉంటే గళ్ళ పరీక్ష చేయించుకోవాలి. సర్కారు ఆసుపత్రిలో పరీక్షా, మందులూ ఊరికే ఇస్తారు. మామూలు టీబీకి ఆరు నెలలు మింగాలి. మూత్రం ఎర్రగా వస్తే బెదరొద్దు, అది మాత్ర రంగు. బాగుందని మధ్యలో ఆపితే పురుగు మొండిబారుతుంది. ఇంట్లో మిగతావాళ్ళకీ పరీక్ష చేయించాలి, ముందు జాగ్రత్త మాత్రలుంటాయి.

అయితే మాత్ర ఒక్కటే చాలదు. ఈ జబ్బు మనల్నే ఎందుకు ఎక్కువ పట్టుకుంటుంది? గాలాడని ఒంటి గది ఇల్లు, రాతి దుమ్ము, అర్ధాకలి, సాయంత్రం సారా. జార్ఖండ్‌లో రోగికే కాకుండా ఇంటిల్లిపాదికీ బియ్యం, పప్పు ఇచ్చి చూశారు. ఇంటివాళ్ళల్లో కొత్తగా టీబీ పడినవాళ్ళు సుమారు 39 శాతం తగ్గారని 2023లో ప్రకటించారు. అంటే కూలి రేటు కోసం కొట్లాడటం కూడా టీబీతో కొట్లాడటమే. తిండి కోసం ప్రభుత్వం 2018 నుంచి రోగికి నెలకి 500 రూపాయలు ఇచ్చింది, 2024 నవంబరు నుంచి అది 1000 అయ్యింది. అది భిక్షం కాదు, మన హక్కు. ఖాతాలో పడకపోతే ఒక్కణ్ణే పంపొద్దు, పదిమందిమీ పోయి అడుగుదాం.

ఇక మేము చేసుకున్న తీర్మానం. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక రెండు వారాలుగా దగ్గుతున్నవాళ్ళెవరని అడుగుతాం. సోమవారం వాళ్ళతోపాటు ఒకరు ఆసుపత్రికి నడుస్తారు, కూలి పోయినా సరే. మాత్రలు మింగేవాళ్ళ ఇంటికి రోజూ ఒకరు పోయి పలకరిస్తారు. బాగయ్యానని సాక్ష్యం చెప్పేవాళ్ళు ఆరు నెలల మందూ పూర్తయ్యాక, పరీక్ష కాగితం చేతబట్టుకుని చెప్పాలి. అప్పుడు ఎంత గట్టిగా కావాలంటే అంత గట్టిగా చప్పట్లు కొడదాం.

సభ అవ్వగానే ఆ తల్లి ఇంటికి పోతున్నాం. ఆ గ్లాసు దించి, కడిగి, అందులోనే మంచినీళ్ళు ఇమ్మని అడుగుతాం. రాదలచినవాళ్ళు మాతో రండి.