మంచం మీది మాసాలు

అధ్యక్షులకు, ఆరోగ్య సేవికలకు, షోలాపూర్ పూర్వ భాగపు పేటల నుండి విచ్చేసిన తల్లులకు, వారి వెంట వచ్చిన అత్తలకు, భర్తలకు నమస్కారాలు. అత్తలను, భర్తలను వేరుగా పేర్కొనటం మర్యాద కొరకు మాత్రమే కాదు. నేటి విషయం గర్భిణి ఒక్కతె విని, ఇంటికి వెళ్లి ఆచరించగలది కాదు. ఆమె చుట్టూ ఉన్నవారు పూనుకొంటేనే అది ఆమెకు సాధ్యమవుతుంది.

ఒకసారి కడుపు పోయిన స్త్రీ మరల గర్భవతి అయి, ఆ గర్భం ప్రమాదంతో కూడినదని తేలినప్పుడు వైద్యులు చీటీపై ‘బెడ్ రెస్ట్’ అని వ్రాయటం కద్దు. రెండే మాటలు. ఆ చీటీ ఇంటికి చేరగానే ఒక్కొక్క ఇంట ఒక్కొక్క అర్థం పుడుతుంది. ఒక ఇంట ఆమెను కాలు నేల మోపనివ్వరు. మరొక ఇంట “పడుకొనే ఉంది కదా, కూర్చొని చేసే పని చేయనీ” అని బీడీల చాటను మంచం మీదికే చేరుస్తారు. రెండింటి వల్లా ఆమెకు నష్టమే.

ఈ నగరంలో తరచుగా కనిపించే ఒక సంసారాన్ని ఉదాహరణగా తీసుకొనవచ్చు. తాతల నాడు తెలంగాణ పల్లెల నుండి మగ్గాన్ని నమ్ముకొని వలస వచ్చిన పద్మశాలి ఇల్లు. కొడుకు పవర్‌లూమ్ కార్ఖానాలో తువాళ్లు నేస్తాడు. ఒక వారం పగటి పాళీ, ఒక వారం రాత్రి పాళీ. కోడలు ఇంట్లో బీడీలు చుడుతుంది. ఆమె మొదటి గర్భం 20 వారాల వద్ద, చెప్పుకోదగిన నొప్పులు లేకుండానే జారిపోయింది. గర్భసంచి ముఖద్వారం బలహీనంగా ఉండి, లోపల బిడ్డ ఎదుగుతున్న కొలదీ ముందుగానే తెరుచుకొనటం అందుకు కారణమని వైద్యులు తేల్చారు. అందుచేత రెండవ గర్భంలో 13వ వారంలోనే ఆ ద్వారానికి కుట్టు వేశారు. బరువులు ఎత్తవద్దని, ఎక్కువ సేపు నిలబడవద్దని, భార్యాభర్తలు కొంతకాలం ఎడంగా ఉండాలని, విశ్రాంతి తీసుకొనాలని చెప్పి పంపారు.

ఇంటికి వచ్చేసరికి ఆ నాలుగింటిలో చివరిది మాత్రమే మిగిలింది. అత్తగారు ప్రేమతోనే అన్నది: “ఈసారి నువ్వు లేవద్దు బిడ్డా. నీళ్ల చెంబు సుత నేనే అందిస్త.” ఆమె మాట నిలబెట్టుకొంది కూడా. ఆరు వారాలు గడిచేసరికి కోడలి పిక్కలు సన్నబడ్డాయి. మలబద్ధకం పట్టుకొంది. రాత్రి నిద్ర దూరమయింది, పగలు ఏడుపు మిగిలింది. నెలవారీ పరీక్షకు వెళ్లినప్పుడు మెట్లు దిగుతుంటే కాళ్లు వణికాయి. ఆ వణుకును చూసి ఇంటివారు “చూశారా, ఎంత బలహీనమో, ఇంకా పడుకొనాలి” అన్నారు. పడుకోబెట్టటం వల్ల వచ్చిన బలహీనతకు మరింత పడుకోబెట్టటమే మందయింది.

మనిషిని కదలకుండా పడుకోబెట్టటం పంతొమ్మిదవ శతాబ్దపు పాశ్చాత్య వైద్యంలో గట్టిగా పాతుకొన్న అలవాటు. 1870ల అమెరికాలో వేయిర్ మిచెల్ అనే వైద్యుడు నరాల బలహీనత పేరున స్త్రీలను వారాల తరబడి మంచానికి పరిమితం చేసే ‘విశ్రాంతి చికిత్స’ను ప్రచారం చేశాడు. ప్రసూతి వైద్యంలోనూ ఈ నమ్మకం చాలాకాలం ప్రశ్న లేకుండా సాగింది. పరీక్షకు పెట్టి చూసినప్పుడు మాత్రం అది నిలవలేదు. 1980లలో జింబాబ్వే రాజధాని హరారేలో కవలలను మోస్తున్న గర్భిణులను ఆసుపత్రిలో చేర్చి విశ్రాంతిలో ఉంచి చూశారు; నెలలు నిండని కాన్పులు దానివల్ల తగ్గలేదు. అమెరికాలోని ప్రసూతి వైద్యుల సంఘం కూడా పూర్తి మంచం విశ్రాంతి అకాల ప్రసవాన్ని ఆపుతుందనటానికి ఆధారం లేదని, దానిని మామూలు పద్ధతిగా సూచించవద్దని చెబుతోంది. ఆరోగ్యంగా ఉన్న యువకులను సైతం కొన్ని వారాలు మంచం మీదనే ఉంచితే కండ కరుగుతుందని, ఎముకలో సున్నం తగ్గుతుందని వ్యోమయానం కొరకు జరిపిన పరిశోధనలు చూపాయి. గర్భిణికి మరొక అపాయం తోడవుతుంది. గర్భకాలంలో రక్తానికి గడ్డకట్టే గుణం సహజంగానే హెచ్చుతుంది. కదలిక లేని కాలిలో గడ్డ ఏర్పడి, అది ఊపిరితిత్తికి చేరితే ప్రాణాపాయం.

ఇంత విన్న వెంటనే ఇంటికి వెళ్లి మంచం ఎత్తివేయమని దీని అర్థం కాదు. మాయ గర్భసంచి ముఖానికి అడ్డుపడి రక్తస్రావం అవుతున్నవారికి, ఉమ్మనీరు ముందుగానే కారుతున్నవారికి, రక్తపోటు అదుపు తప్పినవారికి వైద్యులు ఆసుపత్రిలోనే ఉండమంటే దానికి బలమైన కారణం ఉంటుంది. అక్కడ ఆమెకు మేలు చేసేది పరుపు కాదు. ఏ క్షణాన ఏమి జరిగినా రక్తం, శస్త్రచికిత్స గది దగ్గరగా ఉండటం. కనుక వైద్యులను అడగవలసినది “విశ్రాంతి తీసుకొనాలా వద్దా” అని కాదు, “ఎంత?” అని. స్నానానికి లేవవచ్చునా? వంట గదిలో కూర్చొని కూర తరగవచ్చునా? రోజుకు ఎంతసేపు నడవవచ్చును? మెట్లు వారానికి ఎన్నిసార్లు? ఈ విశ్రాంతి ఏ వారం వరకు, తరువాత తిరిగి ఎప్పుడు నిర్ణయిస్తారు? ఈ ప్రశ్నలు అడిగితే వైద్యులు విసుక్కొంటారన్న భయం చాలామందిలో ఉంది. విసుక్కొన్నా అడగవలసిందే. జవాబును చీటీపై వ్రాయించుకొంటే ఇంటిలో వాదన ఉండదు.

పడక మీద గడపక తప్పని కాలంలోనూ చేయవలసినవి ఉన్నాయి. మెలకువగా ఉన్న ప్రతి గంటా పాదాలను మడమల వద్ద పైకీ కిందికీ పదేసి సార్లు ఆడించటం, ఎడమ ప్రక్కకు తిరిగి పడుకొనటం, లేచేటప్పుడు ప్రక్కకు ఒరిగి చేయి ఊని నెమ్మదిగా లేవటం, నీరు తగ్గించకుండా తాగటం. మరుగుదొడ్డికి మాటిమాటికి లేవవలసి వస్తుందని నీరు మానే తల్లులు ఎందరో. దానివల్ల మూత్రంలో చీము చేరుతుంది, ఆ జబ్బే కొందరికి నొప్పులు తెప్పిస్తుంది. తిండి విషయంలో ఈ ఊరికి కొరత లేదు. జొన్నరొట్టె, ఆకుకూర, పప్పు, షేంగా చట్నీ ఉన్న పళ్లెం మలబద్ధకానికీ మందే, బలానికీ మందే.

ఇక బీడీల సంగతి. దీనిని సూటిగా చెప్పవలసి ఉంది. తంబాకు ధూళి ఊపిరితో లోపలికి పోతుంది. చేతి చర్మం గుండా కూడా విషం ఒంట్లోకి ఇంకుతుంది. పొగ తాగని స్త్రీ కడుపులోని బిడ్డకు సైతం ఆ విధంగా అది చేరగలదు. పైగా వేయి బీడీలు చుట్టాలంటే గంటల తరబడి వంగి, కాళ్లు మడిచి కూర్చొనాలి. అది విశ్రాంతి కాదు. చాట ఆమె మంచం మీది నుండి మాత్రమే కాక, వీలయినంతవరకు ఆ గది నుండే పోవాలి. ఆ కూలి లేకపోతే ఇల్లు ఎట్లా గడుస్తుందన్న ప్రశ్న న్యాయమైనదే. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 1966 నాటి బీడీ కార్మికుల చట్టం ఇంట్లో కూర్చొని చుట్టే స్త్రీలకు కూడా విస్తరింపజేసింది. ఆకు, తంబాకు ఇచ్చే కార్ఖానా పుస్తకంలో ఆమె పేరు ఉండటం ఇక్కడ కీలకం. అత్త పేరున కోడలు చుట్టే ఇళ్లలో కోడలికి ఏ హక్కూ కాగితం మీద నిలవదు. గర్భం రాక ముందే ఆ పేరు సరిచేయించుకొనటం మంచిది. దుకాణాల్లో, కార్యాలయాల్లో, బడుల్లో ఉద్యోగం చేసేవారికి ఆ చట్టం గర్భస్రావం జరిగిన మరునాటి నుండి 6 వారాల వేతన సెలవును, గర్భం వల్ల వచ్చిన జబ్బుకు మరొక నెల సెలవును ఇచ్చింది. 2017 సవరణ మొదటి ఇద్దరు బిడ్డల వరకు ప్రసూతి సెలవును 26 వారాలు చేసింది. మొదటి బిడ్డ పోయినప్పుడు ఆ 6 వారాలను అడిగినవారు ఎంతమంది? “బిడ్డే లేదు, సెలవెందుకు” అని మూడవ నాడే పనికి వెళ్లినవారే ఎక్కువగా కనిపిస్తారు.

పని మాట వచ్చింది కనుక నీళ్ల మాట కూడా. కుళాయి ప్రతిదినమూ రాని ఈ నగరంలో నీళ్లు వచ్చే రోజు ఇంటిల్లిపాదికీ పండుగ వంటిది, యుద్ధం వంటిది. బిందెలు, డ్రమ్ములు నిండాలి; రాత్రి ఏ వేళకు వచ్చినా లేవాలి. బరువు ఎత్తవద్దన్న ఆజ్ఞ ఎక్కువగా భంగమయ్యేది ఆ గంటలోనే. ఆ ఒక్క గంటకు భర్త పాళీ మార్చుకొనటమో, ప్రక్కింటి వదినతో ముందుగా ఒప్పందం చేసుకొనటమో జరిగితే, మిగిలిన రోజులన్నీ ఆమెను పడుకోబెట్టటం కంటె అది ఎక్కువ మేలు.

శరీరానికి ఇంత చెప్పవచ్చును గాని, మంచం మీద ఉన్న స్త్రీకి బరువైనది వేరొకటి. ఆమె ఒక్కతె పడుకొని ఉండదు. పోయిన బిడ్డ తలపు కూడా ఆమె ప్రక్కన ఉంటుంది. ఇంట్లో ఎవరూ ఆ బిడ్డ ఊసు ఎత్తరు. ఎత్తితే అశుభమనీ, మరచిపోతే మంచిదనీ అనుకొంటారు. ఆమె మరచిపోదు. పోయిన వారం దగ్గర పడుతున్న కొలదీ, అంటే ఈ ఉదాహరణలో 19వ, 20వ వారాలలో, ప్రతి చిన్న నొప్పీ ఆమెకు పిడుగే. ఆ వారం పేరు పెట్టి అత్త గాని, భర్త గాని “అప్పుడు ఇదే వారం కదా, నాకూ గుర్తుంది” అని ఒక్కమాట అంటే ఆమె భయం పోదు గాని ఒంటరితనం పోతుంది. ఆ వారంలోనే ఒక పరీక్ష ఉండేటట్లు వైద్యులను అడగటం కూడా తగిన పని. 21వ వారం వచ్చిన నాడు ఆ ఇంట ఎవరూ వేడుక చేయలేదు. అత్తగారు జొన్నరొట్టెతో పాటు ఒక గిన్నెడు పాయసం మంచం దగ్గర పెట్టి మాట లేకుండా వెళ్లింది. కోడలు చాలా రోజుల తరువాత కడుపునిండా తిన్నది.

పోయిన గర్భానికి తన పనే కారణమని దాదాపు ప్రతి తల్లీ లోలోపల నమ్ముతుంది. ఆ రోజు బిందె ఎత్తాను, ఆ రోజు బస్సు ఎక్కాను అని లెక్కపెట్టుకొంటుంది. మొదటి మాసాల గర్భస్రావాలలో సగానికి దగ్గరగా పిండంలోని క్రోమోజోముల లోపం వల్ల జరిగేవే. ముఖద్వారపు బలహీనతా ఆమె తప్పు కాదు. ఈ మాటను అత్తగారి ఎదుట వైద్యుల నోట చెప్పించటం అవసరం. భర్తకు కూడా దుఃఖం ఉంది. మగ్గాల చప్పుడులో అది వినబడదు. నిద్ర రాక, తిండి సయించక, బ్రతకాలన్న కోరిక సన్నగిల్లినట్లు ఉంటే ఆలస్యం చేయరాదు. 14416 అనే టెలీ మానస్ నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా మాట్లాడవచ్చును. తెలుగులో కూడా మాట్లాడతారు. సెల్‌ఫోన్‌లో రాత్రంతా ఇతరుల కడుపు కోతలు చదవటం కంటె ఆ ఒక్క పిలుపు మేలు.

28వ వారం తరువాత ప్రతిదినం ఒకే వేళకు, భోజనం చేసి ఎడమ ప్రక్కకు పడుకొని బిడ్డ కదలికలు లెక్కపెట్టాలి. రెండు గంటలలో పది రాకపోతే, లేదా రోజూ ఉండే కదలిక తగ్గినట్లు తోస్తే, తెల్లవారేదాకా ఆగక బయలుదేరాలి. రక్తం కనబడినా, నీరు కారినా, కడుపు మాటిమాటికి బిగిసినా, తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారినా, ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా 108కి ఫోను చేయాలి. 34 వారాలలోపు కాన్పు వచ్చేటట్లు ఉంటే బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి తల్లికి సూది మందు ఇస్తారు. అది పనిచేయటానికి వ్యవధి కావాలి. త్వరగా వెళ్లినవారికే ఆ వ్యవధి దొరుకుతుంది.

ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో గర్భిణులకు ఉచితంగా వైద్యుల పరీక్ష జరుగుతుంది. 2016లో మొదలయిన ఈ ఏర్పాటులో ప్రమాదం ఉన్న గర్భిణి కార్డుపై ఎర్ర చీటీ అంటిస్తారు. ఎర్ర రంగు చూసి బెదరి ఆ కార్డును బీరువాలో దాచిన ఇళ్లు ఉన్నాయి. దాని స్థానం ఆమె తలగడ క్రింద. రాత్రి పాళీలో భర్త లేని వేళ, ప్రక్కింటివారు ఆమెను తీసుకొని వెళ్లవలసి వచ్చినా, ఆసుపత్రి వాకిట ఏమీ చెప్పలేని స్థితిలో ఆమె ఉన్నా, కుట్టు వేసిన తేదీ, రక్తపు గ్రూపు, కాన్పు అంచనా తేదీ ఆ కార్డులో ఉంటాయి. ఆ కుట్టును 36, 37 వారాల మధ్య విప్పుతారు; అంతకు ముందే నొప్పులు మొదలయితే వెంటనే విప్పవలసి ఉంటుంది. అందుచేత కుట్టు ఉన్న సంగతి ప్రక్కింటి వదినకు కూడా తెలిసి ఉండాలి.