కిరాణం పద్దు - కార్డు పద్దు

(మన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కిందటి సమావేశం ముగిసి అందరం టీ తాగుతుండగా మన సభ్యులొకరు జేబులోంచి ఒక కాగితం తీసి నా చేతిలో పెట్టారు. అది ఆయన క్రెడిట్ కార్డు స్టేట్‌మెంటు. "కిరాణా సామాను కొంటే ఐదు శాతం తిరిగి ఇస్తామన్నారు. నెలనెలా బియ్యం, పప్పు, నూనె అన్నీ ఈ కార్డు మీదే కొన్నాను. ఒక దుకాణానికి ఇచ్చారు, ఇంకో దుకాణానికి ఇవ్వలేదు. రెండు చోట్లా కొన్నది కందిపప్పే. ఇదేమి న్యాయం?" అని అడిగారు. అదే అనుభవం నాకూ అయింది కాబట్టి, తెలిసినంత వరకు నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు.

కార్డులు మనకు మరీ కొత్తవి కావు. మన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు తెచ్చింది. 2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది గాని, కార్డు అనే మాట వినగానే మనలో చాలామందికి ఇప్పటికీ ఆ బ్యాంకే గుర్తుకు వస్తుంది. ఆ రోజుల్లో కార్డు అంటే పెద్ద అధికారులది, వ్యాపారస్తులది. ఈనాడు పెన్షను ఖాతా ఉన్న ప్రతివారికీ ఫోను చేసి మరీ అంటగడుతున్నారు.

ఇక అసలు విషయం. మనలో ట్రెజరీలో, అకౌంట్సులో పనిచేసిన వారికి ఇది ఇట్టే అర్థమవుతుంది. మన పెన్షను ఏ పద్దు కింద వస్తుంది? 2071. సాధారణ విద్యకు 2202, వైద్యానికి 2210. బిల్లులో ఏ పద్దు రాశామో ఖర్చు ఆ పద్దు కిందికే పోతుంది. ఆసుపత్రికి కొన్న కుర్చీ అయినా, పొరపాటున విద్య పద్దు రాస్తే లెక్కల్లో అది విద్య ఖర్చే. ట్రాన్స్‌ఫర్ ఎంట్రీ వేసి సరిదిద్దేదాకా అంతే.

కార్డుల లోకంలోనూ సరిగ్గా ఇలాంటి పద్దులే ఉన్నాయి. కార్డు తీసుకునే ప్రతి దుకాణానికీ ఒక నాలుగు అంకెల సంఖ్య ఉంటుంది. దాన్ని మర్చంట్ కేటగిరీ కోడ్ అంటారు. కిరాణా దుకాణాలకు, సూపర్ మార్కెట్లకు 5411. మందుల దుకాణానికి 5912. హోటలుకు 5812. బేకరీకి 5462. పెట్రోలు బంకుకు 5541. మనం కార్డు గీకినప్పుడు కార్డు ఇచ్చిన బ్యాంకుకు చేరేవి దుకాణం పేరు, ఊరు, మొత్తం, ఈ నాలుగు అంకెలు. సంచిలో కందిపప్పు ఉందా, సబ్బులు ఉన్నాయా, చెప్పులు ఉన్నాయా అన్నది మామూలుగా ఆ బ్యాంకుకు తెలియదు. 5411 కనిపిస్తే కిరాణా అనుకుంటుంది, ఐదు శాతం ఇస్తుంది. కనిపించకపోతే ఇవ్వదు. సూపర్ మార్కెట్లో ప్లాస్టిక్ బకెట్టు కొన్నా కిరాణా కిందికి రావడం, మరోచోట బియ్యం కొన్నా రాకపోవడం ఇందువల్లనే.

ఈ సంఖ్యను ఎవరు ఇస్తారన్నది ముఖ్యమైన ప్రశ్న. మనకు కార్డు ఇచ్చిన బ్యాంకు కాదు. దుకాణదారుకు మిషన్ ఇచ్చిన బ్యాంకు, లేదా క్యూఆర్ అట్ట అంటించి వెళ్ళిన కంపెనీ. దరఖాస్తు నింపే రోజున దుకాణంలో ప్రధానమైన వ్యాపారం ఏదో చూసి ఒక సంఖ్య వేస్తారు. చూసి వేస్తారని చెప్పుకోవాలి. ఎండలో రోజుకు ఇన్ని దుకాణాలు చేర్చాలని తిరిగే కుర్రవాడు సెల్‌ఫోన్ తెర మీద పైన కనిపించిన దాన్ని నొక్కి వెళ్ళిపోయే సందర్భాలూ లేకపోలేదు.

ఈ సంఖ్యల పుట్టుక కూడా చెప్పుకోవాలి. 1930లలో అమెరికా ప్రభుత్వం పరిశ్రమల, వ్యాపారాల గణాంకాల కోసం ఒక వర్గీకరణ మొదలుపెట్టింది. అందులో కిరాణా దుకాణాలకు 5411, మందుల దుకాణాలకు 5912. కార్డు కంపెనీలు చాలా సంఖ్యలను అందులోంచే తీసుకున్నాయి. తరువాత 2003లో ఐఎస్ఓ 18245 పేరుతో అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. అంటే అమెరికా వీధులను చూసి గీసిన గళ్ళలో మన మీర్ ఆలం మండీని కూర్చోబెడుతున్నారన్న మాట.

కూర్చుంటుందా? ఒక్కసారి మన పాతబస్తీలో సంచి పట్టుకుని బయలుదేరిన మనిషిని ఊహించుకోండి. బియ్యం, పప్పు కిరాణం దుకాణంలో కొన్నాడు. అది 5411 కావచ్చు. పాలు, పెరుగు డెయిరీ దుకాణంలో. దానికి వేరే సంఖ్య, 5451. మాంసం దుకాణానికి 5422. ఉస్మానియా బిస్కెట్లు కొన్నాడు, బేకరీ, 5462. మూసీ దాటి బేగంబజారు వెళ్ళి బాదం, కిస్‌మిస్, ఎండుమిర్చి తెచ్చాడు. ఆ దుకాణం టోకు వ్యాపారం పద్దులో ఉండవచ్చు, మిఠాయిలు, పప్పుల పద్దు 5441లో ఉండవచ్చు. కూరగాయల బండి దగ్గర సంఖ్యే ఉండకపోవచ్చు. ఆ క్యూఆర్ అట్ట వ్యాపారి పేరున కాక మనిషి సొంత ఖాతా మీద ఉంటుంది. ఇంటికి వచ్చాక ఇల్లాలి దృష్టిలో ఇవన్నీ వంటింటి సామానే. కార్డు దృష్టిలో ఆరు రకాల వ్యాపారాలు. అదే మనిషి ఎక్కడో ఒక పెద్ద మాల్‌లో ఇవన్నీ ఒకేచోట కొని ఉంటే, అది 5411 అయిన పక్షంలో అన్నింటికీ ఐదు శాతం వచ్చేది.

ఇది మన ఒక్కరి బాధ కాదు. అమెరికాలో ఉన్న మన పిల్లలను అడగండి. అక్కడ సూపర్ మార్కెట్లో కొంటే ఆరు శాతం ఇచ్చే కార్డు ఒకటి ఉంది. అదే బియ్యం బస్తా టోకు క్లబ్బులో కొంటే ఆ ఆరు శాతం వర్తించదు. ఆ క్లబ్బుల పద్దు 5300, వేరు.

ఇప్పుడు నా సంగతి. షాలిబండ వైపు మా ఇంటికి దగ్గర్లో ఒక కిరాణం దుకాణం ఉంది. ముప్పై ఏళ్ళుగా మా సామాను అక్కడే. మూడు నెలలు వరుసగా నెలకు 4,000 రూపాయల చొప్పున కార్డు మీద కొన్నాను. ఐదు శాతం లెక్కన నెలకు 200 రావాలి. మామూలు ఒక శాతం లెక్కన 40 చొప్పున వచ్చాయి. మొత్తం 480 రూపాయలు తేడా. బ్యాంకు వారికి ఫోను చేస్తే "ఆ దుకాణం గృహోపకరణాల కింద ఉంది సార్" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. "అయ్యా, పప్పు అమ్మేవాడు కిరాణం కాకపోతే మరెవరు?" అన్నాను. "మేము మార్చలేము, దుకాణం తరఫు బ్యాంకు మార్చాలి" అని సెలవిచ్చారు.

సాయంత్రం వెళ్ళి దుకాణదారును అడిగాను. అతను కాసేపు ఆలోచించి, "సార్, ఆ మిషన్ మా బాపు ఉన్నప్పుడు తీసుకున్నది. అప్పుడు ఈ దుకాణంల స్టీలు సామాను అమ్ముతుండె. కిరాణం పక్క గదిల ఉండె" అన్నాడు. తండ్రి పోయాక స్టీలు గిన్నెలు పోయాయి, పద్దు మాత్రం మిగిలింది. తరువాత అతను అన్న మాట నన్ను ఆలోచనలో పడేసింది. "నాకిప్పుడు సమజైంది సార్. మన గల్లీల నాలుగిండ్లోళ్ళు నెల సామాను నా దగ్గర బంద్ చేసిన్రు. కార్డు మీద పైసలు వాపస్ రావట్లేదని మాల్‌కు పోతున్నమన్నరు. నేను రేటు ఎక్కువైందేమో అనుకున్న."

సోదరులారా, నాకు పోయింది 480 రూపాయలు. అతనికి పోయింది నాలుగు కుటుంబాల బేరం. తప్పు అతనిది కాదు, ఆ కుటుంబాలదీ కాదు. ఎవరో ఎప్పుడో వేసిన నాలుగు అంకెలు. మన కార్యాలయాల్లో పద్దు తప్పితే ఆడిటు అభ్యంతరం వచ్చేది. ఇక్కడ అభ్యంతరం రాసేవారు లేరు. మనమే రాయాలి.

అతని చేత బ్యాంకుకు ఒక దరఖాస్తు రాయించాను. ట్రేడ్ లైసెన్సు నకలు, జీఎస్‌టీ కాగితం, దుకాణం ఫోటో జతచేశాం. రెండు నెలలు తిరిగితే మారింది. పాత కొనుగోళ్ళకు రాలేదు గాని అప్పటి నుంచి వస్తున్నాయి. ఆ నాలుగు కుటుంబాల్లో రెండు తిరిగి వచ్చాయి.

ఇక మనకు పనికివచ్చే నాలుగు సూచనలు.

ఒకటి. కొత్త దుకాణంలో మొదట వంద రూపాయల సామాను కొని, స్టేట్‌మెంటులో ఏ లెక్క వేశారో చూసుకుని, ఆ తరువాతే నెల సామాను కొనండి. కొన్ని బ్యాంకుల యాప్‌లో ఖర్చు ఏ వర్గం కింద పడిందో కూడా కనిపిస్తుంది.

రెండు. 2022 సెప్టెంబరు నుంచి రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలిపే సౌకర్యం వచ్చింది. దుకాణం క్యూఆర్ అట్టలోని నల్లగళ్ళలో కూడా ఈ నాలుగు అంకెలు ఇమిడి ఉంటాయి. మనిషి సొంత ఖాతా అట్ట మీద మాత్రం క్రెడిట్ కార్డు చెల్లదు. యూపీఐ ద్వారా ఇస్తే బహుమతి పాయింట్లు ఇవ్వని కార్డులూ ఉన్నాయి. నిబంధనలు చదువుకోవాలి.

మూడు. లెక్క కట్టుకోండి. నెలకు 6,000 సామాను మీద ఐదు శాతం 300. కాని నెలకు 200 మించి ఇవ్వమని పరిమితి ఉందనుకోండి, ఏడాదికి 2,400. కార్డు రుసుము 500, దాని మీద 18 శాతం జీఎస్‌టీ కలిపి 590. మిగిలేది 1,810. దుకాణదారు కార్డు మీద రెండు శాతం అదనంగా అడిగితే అదీ కరిగిపోతుంది. ఇక ఒక్క నెల బాకీ ఉంచితే, నెలకు మూడున్నర శాతం చొప్పున 6,000 మీద వడ్డీ 210, జీఎస్‌టీతో దాదాపు 248. ఆ నెల వచ్చిన 200 పోగా ఎదురు 48 మనమే కట్టాలి. మూడున్నర శాతం అంటే ఏడాదికి 42. మన పెన్షనుకు ఏ బ్యాంకూ అంత వడ్డీ ఇవ్వదు. కాబట్టి గడువులోగా పూర్తి బాకీ కట్టలేనివారు ఈ ఐదు శాతం ఆశ వదులుకోవడమే లాభం.

నాలుగు, అన్నింటికంటే ముఖ్యం. "మీ రివార్డు పాయింట్లు ఈ రాత్రికి రద్దయిపోతాయి, ఈ లింకు నొక్కండి" అని సందేశాలు వస్తున్నాయి. అవి మోసగాళ్ళవి. నొక్కి, అంకెలు చెప్పి, పెన్షను మొత్తం పోగొట్టుకున్నవారు ఉన్నారు. పోతే పాయింట్లు పోనివ్వండి. ఓటీపీ ఎవరికీ చెప్పకండి. పొరపాటు జరిగితే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కి ఫోను చేయండి. బ్యాంకుకు రాసిన ఫిర్యాదుకు 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చు. ఫిర్యాదులు రాయడం మనకు కొత్త కాదు గదా!

చివరగా ఒక్క మాట. వెనకటి రోజుల్లో జీతం ఆలస్యమైతే ఉద్దెర ఇచ్చింది ఈ గల్లీ దుకాణదారే. "నేడు నగదు - రేపు అరువు" అని గోడ మీద రాసుకుని కూడా, మన మొహం చూసి ఎర్ర అట్ట పుస్తకంలో రాసుకునేవాడు. ఆ పుస్తకంలో వడ్డీ లేదు, పాయింట్లు లేవు, పద్దు సంఖ్య అసలే లేదు. ఈనాడు అతని పద్దు తప్పుగా పడి ఉంటే సరిచేయించుకునే దారి అతనికి తెలియకపోవచ్చు. అర్జీ రాయడం మనకు వచ్చు. మీమీ దుకాణాల్లో ఒకసారి అడిగి చూడండి. అవసరమైతే ఒక అరగంట కూర్చుని రాసిపెట్టండి. అందువల్ల మనకు వచ్చేది ఐదు శాతమే, కాని ఒక బాకీ తీరుతుంది.