నిమిషముల పద్దు
(మన సంఘపు యువజనుల ఆదివారపు కూటమిలో చేసిన ప్రసంగ పాఠము)



నేటి కూటమిలో మమ్ము మాట్లాడుమని కోరినవారు విషయమును కూడ తామే నిర్ణయించినారు. ఇంటర్నెట్టులో ఆడు బాస్కెట్‌బాల్ ఆటను గూర్చి చెప్పవలెనట. పత్తి ధరను గూర్చియో, సోయాబీను తేమను గూర్చియో అడిగియుండిన మాకు కొంత సులభముగ నుండెడిది. అయినను మేము కాదనలేదు. ఏలయన మన యిండ్లలోని పిల్లలు కొందరు దీనిని ఆడుచున్నారు. వారి ప్రక్కన కూర్చుండి మేమును కొంత నేర్చుకొంటిమి. ఇందులో మనము గెంతుట లేదు, పరుగెత్తుట లేదు. ఉన్నదంతయు పద్దు వ్రాయుటయే. భోకర్ బజారులో ఇన్నేండ్లుగా కూర్చున్నవారికి పద్దు అనిన భయమేల?

ఆట పేరు బజర్‌బీటర్. ఇది 2007 లో ప్రారంభమైనది. ఇందులో మనము ఆటగాండ్రము కాము, జట్టును నడుపువారము. ఎవరు ఏ స్థానమున నిలువవలెను, ఎవరిని కొనవలెను, ఎవరిని అమ్మవలెను, జీతములకు రాబడి చాలునా చాలదా అని చూచుట మన పని. పోటీని కంప్యూటరే నడుపును. వారమునకు మూడు పోటీలు: రెండు లీగు పోటీలు, మూడవది కప్పు పోటీ గాని స్నేహపోటీ గాని. ఒక్కొక్కటి 48 నిమిషములు. మనము చూచినను చూడకున్నను అది జరిగిపోవును. తల్లిదండ్రులు ఈ సంగతిని గమనింతురు గాక. పోటీకి ముందు పేర్లు అమర్చుటకు పది నిమిషములు చాలును. అర్ధరాత్రి వరకు ఫోను పట్టుకొని కూర్చున్న పిల్లవాడు ఆడుచున్నది ఈ ఆట కాదని తెలిసికొనుడు.

ఇక అసలు విషయమునకు వత్తము. ఈ ఆటలో కుర్రవానికి విద్య అబ్బు విధము మాకు మిక్కిలి నచ్చినది. ప్రతి వారమును మనము ఒక విద్యను ఎన్నుకొందుము. బంతి అందించుట కావచ్చును, దూరము నుండి బుట్టలో వేయుట కావచ్చును, తిరిగివచ్చిన బంతిని పట్టుట కావచ్చును. ఆ విద్యను ఒక స్థానమునకు కేటాయింతుము. ఆ వారపు పోటీలలో ఆ స్థానమున నిలిచి ఆడినవానికే ఆ విద్య అబ్బును. బెంచీ మీద కూర్చున్నవాడు ఎంతటి వాడైనను వాని ఖాతాలో సున్న. వారములో 48 నిమిషములు ఆ స్థానమున ఆడినవానికి పూర్తి ఫలము. తగ్గినకొలది ఫలము తగ్గును. మించినందున చెప్పదగిన లాభము లేదు.

లెక్క చూడుడు. మూడు పోటీలు, పోటీకి 48 నిమిషములు. వెరసి ఒక స్థానమునకు వారమునకు 144 నిమిషములు. తలకు 48 చొప్పున ముగ్గురికి సరిపోవును. నాలుగవవానికి చోటు లేదు. రెండు స్థానములకు కలిపి శిక్షణ పెట్టినచో ఆరుగురికి చోటు దొరకును గాని, ఒక్కొక్కడు నేర్చునది తగ్గును. ఇదియే మూలధనము. రూపాయలు అప్పు తేవచ్చును. నిమిషములను అప్పిచ్చు సావుకారు ఎక్కడను లేడు.

మరి పదిమంది కుర్రవాండ్రు గల జట్టులో ఏమి చేయవలెను? అందరికిని సమముగ పంచుదమని మెత్తని మనసు గలవారందురు. 144 నిమిషములను పదిమందికి పంచిన తలకు 14 నిమిషములు వచ్చును. ఎవరికిని అన్యాయము జరుగలేదు. ఎవరును ఆటగాడు కాలేదు. మా అభిప్రాయమున ఇది దయ కాదు, నిర్ణయమును తప్పించుకొనుట. ముగ్గురిని ఎన్నుకొని, తక్కినవారికి మీ వంతు తరువాత వచ్చునని ముఖము మీద చెప్పుట కష్టమే. కాని యజమాని చేయవలసిన పని యదియే. ఎన్నుకొనునప్పుడు వయస్సు చూడవలెను. పదునెనిమిది, పందొమ్మిది ఏండ్లవాడు ఇరువదియైదేండ్లవానికంటె త్వరగా నేర్చును. ఎత్తు కూడ చూడవలెను. పొడగరులకు బుట్ట దగ్గరి విద్యలును, పొట్టివారికి దూరపు విద్యలును సులభముగ వచ్చును.

చిక్కంతయు ఇచ్చటనే యున్నది. పొడగరి కుర్రవానికి బంతి అందించుట నేర్పవలెనన్నచో వానిని పాయింట్ గార్డు స్థానమున నిలుపవలెను. వాడు అక్కడ తడబడును. జట్టు ఓడును. ఓడినకొలది చూడవచ్చువారు తగ్గుదురు, రాబడి తగ్గును, సీజను చివర క్రింది తరగతికి దిగవలసినను దిగవచ్చును. కావున ఆరితేరినవారు ఇట్లు చేయుదురు: గెలుపోటములకు విలువలేని స్నేహపోటీలో కుర్రవాండ్రనే దింపుదురు. బలహీనమైన జట్టుతో లీగు పోటీ పడినప్పుడు శిక్షణ స్థానమును నిస్సంకోచముగ కుర్రవానికి విడిచిపెట్టుదురు. బలమైన జట్టు ఎదురైననాడు తక్కిన నాలుగు స్థానములను పెద్దవారితో గట్టిచేసి, ఆ ఒక్క స్థానపు నష్టమును ముందే లెక్కలో వ్రాసికొందురు. తెలిసి భరించు నష్టము వేరు, తెలియక వచ్చు నష్టము వేరు. ఇది మన బజారులో ఎవరికిని చెప్పనక్కరలేదు.

ఇంకొక మెలిక కలదు. మొదటి పోటీలో కుర్రవాడు ఫౌలులు ఎక్కువ చేసి ముప్పదవ నిమిషమునకే బయటికి వచ్చెననుకొనుడు. వానికి 18 నిమిషములు బాకీ. ఆ బాకీని ఆ వారములోనే మరియొక పోటీలో తీర్చవలెను. శిక్షణ లెక్క కట్టిన పిమ్మట పాత బాకీ చెల్లదు. కావున వారపు చివరి పోటీని బాకీలు తీర్చుటకు ఉంచుకొనువాడు తెలివిగలవాడు. అట్లని ఒక్కనినే మూడు పోటీలును పూర్తిగ ఆడించిన వాడు అలసి వాడిపోవును. ఒక్క నిమిషమును ఆడనివాడు తుప్పుపట్టును. కొందరు పిల్లలు ఇట్లు తయారుచేసిన ఆటగాండ్రను మంచి ధరకు అమ్మివేయుదురు. ఆట నియమములలో అందుకు వీలున్నది. వర్తకులమైన మేము దానిని నిందింపజాలము.

ఇది కంప్యూటరు చెప్పు కట్టుకథ యని తలపకుడు. జెరెమీ లిన్ అను ఆటగాని సంగతి చూడుడు. హార్వర్డులో చదివినవాడు. 2010 లో అమెరికా జట్లు యువకులను ఎన్నుకొన్నప్పుడు ఎవరును అతనిని ఎన్నుకొనలేదు. 2011 డిసెంబరు నెలలోనే రెండు జట్లు అతనిని వదలుకొన్నవి. న్యూయార్కు నిక్స్ జట్టు చేర్చుకొని బెంచీ మీద కూర్చుండబెట్టినది. నడుమ ఆడుటకై క్రింది లీగునకు కూడ పంపినది. 2012 ఫిబ్రవరి 4 న, జట్టు కష్టములో నుండగా, అతనికి నిమిషములు దొరకినవి. ఆనాడు 25 పాయింట్లు చేసినాడు. ఆనాటి నుండి ఆ జట్టు వరుసగా ఏడు పోటీలు గెలిచినది. అతని సామర్థ్యము ఆ ఒక్కనాడు పుట్టినది కాదు. కనబడుటకు చోటు మాత్రము ఆనాడు దొరకినది.

మన దేశపు సత్నామ్ సింగ్ సంగతి వేరు. పంజాబులోని ఒక పల్లెవాడు, ఏడడుగులు దాటిన పొడగరి. 2015 లో డల్లాస్ జట్టు అతనిని ఎన్నుకొన్నది. భారతదేశమున పుట్టి ఎన్‌బీఏ జట్టుచే ఎన్నుకొనబడినవారిలో అతడే మొదటివాడు. కుర్రవాండ్రకు నిమిషములు దొరకుటకై అమెరికావారు 2001 నుండి వేరుగ నడుపుచున్న క్రింది లీగులో అతడు ఆడినాడు. పెద్ద లీగు పోటీలో మాత్రము ఒక్క నిమిషమును దొరకలేదు. ఎన్నికయగుట ఒకటి, నేల మీద నిలుచుట మరియొకటి.

మన దగ్గరి మాట చెప్పెదము. మా బంధువుల కుమారుడొకడు ఒక పాఠశాల జట్టులో రెండేండ్లు ఉన్నాడు. ప్రొద్దుననే లేచి అభ్యాసమునకు పోయెడివాడు; పోటీనాడు నీళ్ళ సీసాలు మోసెడివాడు. గెలుపోటములకు విలువలేని స్నేహపోటీలలో సైతము ఆ అయిదుగురే ఆడిరి. నిజమైన బాస్కెట్‌బాల్‌లో ఆటగాండ్రను ఎన్నిమార్లయినను మార్చవచ్చును. నలుబది నిమిషముల పోటీలో అయిదుగురికి వెరసి 200 నిమిషములు కలవు. వానికి అందులో పది కూడ దొరకలేదు. మూడవ యేట వాడు బంతి ముట్టుట మానివేసినాడు. ఇప్పుడు ఈ ఆటను ఫోనులో ఆడుచున్నాడు. తన జట్టులో బెంచీ మీది కుర్రవాండ్రకు మాత్రము ఏ వారమును బాకీ పెట్టడు.

ఒక్క హెచ్చరిక. ఫోను ఆటలో పోటీ నిమిషములే విద్య. నిజమైన నేల మీద ఉదయపు అభ్యాసము లేనిదే పోటీ నిమిషములు పనికిరావు. కావున ప్రొద్దున నిద్రపోవుటకు మా ప్రసంగమును సాక్ష్యముగ చూపకుడు.

పెద్దలారా, దుకాణముల సంగతి కూడ ఒక్క మాట. ఇరువది రెండేండ్ల కుమారుని గల్లా వద్ద కూర్చుండబెట్టి, బేరము కుదురువేళకు "నీవు లేవరా" యనువారు మనలో లేకపోలేదు. ఆ కుమారుడు పూనాకో హైదరాబాదునకో ఉద్యోగమునకు పోయినప్పుడు, వ్యాపారమున వానికి ఆసక్తి లేదని చెప్పుకొందురు. వానికి మనమిచ్చిన నిమిషములెన్ని? పెద్ద బేరము అక్కరలేదు. వారమునకొక చిన్న బేరమును మొదటి నుండి చివరి వరకు వానికే విడిచిపెట్టుడు. పదో పరకో పోయినను స్నేహపోటీలో పోయినదని వ్రాసికొనుడు.

ఇక మన యువజనులు ఆడు స్నేహపోటీలకు ఒక పుస్తకము పెట్టుదమని మా కోరిక. ఒక ప్రక్క పేర్లు, ఒక ప్రక్క ఆడిన నిమిషములు, చివరి గడిలో బాకీ. వ్రాయువాడు ఆ నాడు ఆడనివాడై యుండవలెను. మూడు పోటీలు కాగానే పుస్తకము అందరి యెదుట చదువవలెను. పుస్తకమును మేము మా దుకాణము నుండి పంపెదము. పేర్ల పట్టికను వచ్చు ఆదివారము నాటికి మీరు తీసికొనిరండు.