ఎండు పుట్టగొడుగు విత్తనమవుతుందా?

ఎండు పుట్టగొడుగుల ప్యాకెట్ కొని, అందులోంచి సిద్ధబీజాలు తీసి ఇంట్లో పంట వేయవచ్చా? బొత్తిగా కుదరదని అనను గానీ, దాన్ని విత్తనంగా నమ్ముకోవద్దంటాను. కారణం కోతలోనే ఉంది. సిద్ధబీజాలు గొడుగు కింది మొప్పల మీద తయారై, గొడుగు విచ్చుకున్నాక రాలతాయి. బటన్ రకాన్ని మొగ్గ దశలోనే, మొప్పల మీది పొర చిరగక ముందే కోసేస్తారు. విచ్చుకుంటే ధర పలకదు మరి. పైగా బీజం మొప్పను వదలాలంటే తడి ఉండాలి; దాని మొదట్లో చేరే సన్నని నీటిబొట్టే దాన్ని విసురుతుంది. కోసి, ముక్కలు చేసి, 50–60 డిగ్రీల వేడిలో ఆరబెట్టిన మొప్పకు ఆ పని చేతకాదు. అంటుకుని మిగిలిన బీజాలకూ ఆ వేడి మేలు చేయదు.

ఎండు కొమ్మల మీద చిన్న విసనకర్రల్లా మొలిచే షైజోఫిల్లం అనే పుట్టగొడుగు దశాబ్దాలు ఎండి ఉన్నా తడపగానే బీజాలు రాలుస్తుంది కదా, అనవచ్చు. నిజమే. ఎండినప్పుడు దాని మొప్పలు నిలువునా చీలి, ముడుచుకుని బీజాలు పుట్టే పొరను కాపాడతాయి. బటన్‌కు, ఆయిస్టర్‌ పుట్టగొడుగుకు ఆ ఏర్పాటు లేదు. ఊరి నుంచి తెచ్చిన చెదపుట్టల పుట్టగొడుగు సంగతి మరీ వేరు: చెదలు సాకితేనే అది పెరుగుతుంది.

సరే, ఆయిస్టర్ బీజం ఒకటి మొలిచిందనుకుందాం. ఒంటరి బీజం నుంచి వచ్చిన దారం మామూలుగా గొడుగు వేయదు. జత కుదిరే మరో దారంతో కలవాలి. కలిసినా పిల్ల తల్లిలా ఉండాలని లేదు. ఈలోగా ఆకుపచ్చ బూజు ట్రైకోడెర్మా గడ్డి నింపిన సంచిని ఆక్రమిస్తుంది. అందుకే పెంపకందార్లు తాజా గొడుగు లోపలి కండ నుంచి మొలిపించిన దారాన్ని ధాన్యం మీద పెంచి విత్తనంగా వాడతారు. సోలన్‌లోని పుట్టగొడుగుల పరిశోధన సంస్థ పనిలో మంచి రకాల ఎంపిక, విత్తన తయారీ ముఖ్యమైనవి.

విత్తనం కొంటే ఖర్చు కదా అంటారు. గడ్డి ఉడికించి, సంచులు కట్టి, వారాల తరబడి ఎదురుచూశాక బూజు పడితే పోయేదే పెద్ద ఖర్చు. బీజాలు చూడాలన్న సరదా ఉంటే విచ్చిన తాజా ఆయిస్టర్‌ను మొప్పలు కిందికి ఉండేలా నల్ల కాగితం మీద పెట్టి గిన్నె బోర్లించండి. తెల్లారేసరికి అచ్చు పడుతుంది. పంటకు మాత్రం విత్తనమే కొనండి: చలికాలంలో ఆయిస్టర్, 30–35 డిగ్రీల వేడిలో పాల పుట్టగొడుగు. ఒంటి గది ఇళ్లలో మరో జాగ్రత్త అవసరం. ఆయిస్టర్ గాలిలోకి వదిలే బీజాలు పీల్చేవాళ్లకు దగ్గు, ఆయాసం తేవచ్చు. గొడుగు అంచులు చదునవకముందే కోసేయండి, సంచులను పడకగదిలో వేలాడదీయకండి.