కంప్యూటరు లెక్కలకూ ఇంక్రిమెంటే
(కొత్తవలసలో సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంక్రిమెంటు అనే మాట మనకు కొత్త కాదు. ఏటా జీతం మొదటి నుంచి నిర్ణయించేవారు కాదు. పెరిగినంత మాత్రమే కలిపి, సర్వీసు రిజిస్టరులో ఒక పద్దు రాసి, ఆఫీసరుగారి సంతకం తీసుకునేవాళ్లం. కంప్యూటరు లెక్కలకు నకలు భద్రపరచడంలోనూ ఇదే పద్ధతి ఉంది. దాని పేరే ఇంక్రిమెంటల్ బ్యాకప్.

1998లో ‘కార్డ్’ పథకం కింద మన రిజిస్ట్రేషను ఆఫీసులకు కంప్యూటర్లు వచ్చాయి. అంతకుముందు దస్తావేజులను చేత్తో పుస్తకాల్లోకి ఎక్కించేవారు. ఇప్పుడు మన ఇంటి పత్రం, మన పెన్షను లెక్క అన్నీ యంత్రాల్లోనే ఉన్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు, ఫోన్లు ఏమయ్యాయో మనందరికీ అనుభవమే. నకలు అదే గదిలోనో, పక్క వీధిలోనో ఉంటే లాభం లేదు. ఒకే తుపాను రెండింటినీ తాకనంత దూరంలో ఉండాలి.

దూరం పంపాలంటే లైను కావాలి. ఆ లైను నెమ్మదైతే? లెక్క చూడండి. సమాచారం 100 గిగాబైట్లు, లైను వేగం సెకనుకు 2 మెగాబిట్లు అనుకుందాం. మొత్తం వెళ్లడానికి సుమారు 111 గంటలు, అంటే నాలుగున్నర రోజుల పైమాటే. ఆ రోజు మారినది 500 మెగాబైట్లే అయితే, అది మాత్రం పంపడానికి 34 నిమిషాలు చాలు. అందుకే మొదటి పూర్తి నకలును డిస్కులో ఎక్కించి మనిషి చేత పంపడం మేలు. మన స్టేషనులో రైలెక్కిన డిస్కు లైను కంటే ముందే విజయవాడ చేరుతుంది. ఆ తరువాత రోజూ రాత్రిపూట మార్పులు మాత్రం లైనులో పంపితే సరి.

మారినదేదో ఎలా తెలుస్తుంది? 1996లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మాకెరాస్ అనే ఇద్దరు ‘ఆర్‌సింక్’ అనే ప్రోగ్రాము తయారుచేశారు. మనం రెండు లెడ్జర్ల పేజీ మొత్తాలు సరిచూసి, తేడా వచ్చిన పేజీనే విప్పి చూసినట్లు, అది తేడా ఉన్న ముక్కలనే పంపుతుంది. అయితే పద్దులు పడుతూండగా డేటాబేసు ఫైలును నకలు తీస్తే సగం పద్దు రావచ్చు. పెద్ద డేటాబేసులు ప్రతి మార్పునూ ముందుగా ఒక చిట్టాలో రాసుకుంటాయి. ఆ చిట్టాను వరుసగా పంపితే అవతల ఆవర్జా తయారవుతుంది.

ఇందులో ఒక ప్రమాదం ఉంది. మాతో పనిచేసిన ఒకాయన సర్వీసు రిజిస్టరులో రెండేళ్ల పేజీలు వానకు తడిసి చెరిగిపోయాయి. మిగతా ముప్పై ఏళ్లూ ఉన్నా, పే బిల్లుల ఆఫీసు కాపీలతో ఆ రెండేళ్లూ సరిచూసేవరకు పెన్షను కదల్లేదు. ఇదీ అంతే. బుధవారం మార్పులు పోతే గురువారానివి, శుక్రవారానివి ఉన్నా వాటిని నమ్మడానికి లేదు. కాబట్టి కొంతకాలానికొకసారి కొత్తగా పూర్తి నకలు తీయాలి. నకలు తీశామని రిజిస్టరులో రాసుకుంటే చాలదు, వేరే యంత్రంలో దాన్ని తెరిచి, లెక్క కుదిరిందో లేదో చూడాలి.

మన ఇళ్లలోనూ ఇది చేయవచ్చు. పీపీఓ, పాసుబుక్కు, ఇంటి పత్రాల జిరాక్సులు వేరే ఊళ్లో ఉన్న పిల్లల దగ్గర ఒకసారి ఉంచండి. పెన్షను సవరణ ఉత్తర్వు వచ్చినప్పుడల్లా ఆ ఒక్క కాగితం పంపండి. ఏడాదికొకసారి వరుస తప్పలేదని పిల్లల చేత చూపించండి. మన తరువాత ఫ్యామిలీ పెన్షను కోసం తిరగవలసింది మన ఇంటి ఇల్లాలే. ఆవిడకు ఒక్క కాగితం కోసం ఆఫీసుల మెట్లెక్కే అవస్థ రాకూడదు.