శరీరమందలి తలారులు
(రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



శరీరము కూడ నొక గ్రామమే. గ్రామమునకు తలారి యెట్లో రక్తమునకు తెల్లకణము లట్లు. పరాయివారిని గుర్తుపట్టు గ్రాహకములను ధరించి యవి తిరుగుచుండును. ‘టోల్’ అను జాతి గ్రాహకముల రక్షణశక్తిని 1996లో హాఫ్‌మన్ పండ్లయీగలయందును, 1998లో బాయిట్లర్ ఎలుకలయందును కనుగొనిరి. 2011 నాటి నోబెల్ బహుమానమున వారికి భాగము లభించినది.

సూక్ష్మజీవి చొచ్చినచోట ఎరుపు, వేడి, వాపు, నొప్పి పుట్టును. ఇదియే శోథము. అచ్చట రక్తము గడ్డకట్టుటయు శత్రువును నిలువరించు నుపాయమే. చెరువునకు గండిపడినపుడు రైతులు మన్నువేసి పూడ్చుట యెట్టిదో యిదియు నట్టిది. రక్తమున కరగియున్న ఫైబ్రినోజెన్ దారములుగా మారి వల పన్నును.

అయితే తలారి పొరబడుటయు కలదు. చితికిన స్వంతకణముల శకలములను చూచియు నీ గ్రాహకములు కేకవేయును. హృదయధమని గోడలో క్రొవ్వు పేరుకొన్నచోట శోథము రగిలి పైపొర చిట్లినచో, గండి పూడ్చవలసిన మన్నే కాలువను పూడ్చును. అదియే గుండెపోటు. ఒక్కొక్క మూత్రపిండమున సుమారు 10 లక్షల వడపోత గుచ్ఛములు కలవు. అచ్చట శోథము నిలిచినచో మచ్చకట్టి వడపోత నశించును. మూత్రపిండములు చెడినవారికి గుండెజబ్బు హెచ్చుగా వచ్చుటకు శోథము నొక కారణము.

అట్లయిన తలారిని తొలగింపరాదా? 2017లో ప్రకటింపబడిన పరిశోధనలో, మునుపు గుండెపోటు వచ్చిన 10,061 మందిలో కొందరికి శోథము నణచు కానకినుమాబ్ నిచ్చిరి. మధ్యమ మోతాదు పొందినవారికి, కొలెస్టరాలు తగ్గకున్నను, మరల గుండెపోటు, పక్షవాతము వంటి యాపదలు నూటికి 15 వంతులు తగ్గెను. కాని ప్రాణాంతకమగు అంటురోగములు హెచ్చినవి. తలారిని నిద్రపుచ్చిన యూరికి దొంగలభయము తప్పదు.

శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున, మధుమేహము లేని కష్టజీవులకు సైతము మూత్రపిండములు చెడుచున్నవి. కారణ మిదమిత్థమని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసయందు పరిశోధనకేంద్రముతో కూడిన ఆసుపత్రి ప్రారంభింపబడినది. ఈ వ్యాధి చాలకాలము నొప్పి యెరుగనీయదు. సరిచూడని ఖాతావలె, నష్టము తుదకుగాని తెలియదు.

కావున మధుమేహము, రక్తపుపోటు గలవారు ఏటేట మూత్రమున ఆల్బుమిన్‌ను, రక్తమున క్రియాటినిన్‌ను పరీక్షింపించుకొనవలెను. నొప్పిమాత్రలను వైద్యు నడుగక మ్రింగరాదు. పొగాకును విడువవలెను. చోడవరమున చదువనేర్చిన ప్రతివారును చదువురాని యొక్కరికైన నీ మాటను చేరవేసినచో, గ్రంథాలయము పెట్టిన దీప మింటింటికి వెలుగగును.